నేపుల్స్‌కి ఆర్టేకార్డ్ కొనాలా వద్దా? (అమ్మానాన్నలు, పిల్లలతో మూడు రోజులు)

ఇసార్_గట్టు
అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు. రోమ్ అయ్యాక మంగళ, బుధ, గురువారాలు నేపుల్స్‌లో ఉండాలని ప్లాన్. మొత్తం ఆరుగురం: నేనూ, మా ఆవిడ, అమ్మ (66), నాన్న (71), పాప (15), బాబు (8). పాంపే (అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ ఊరు), ఆర్కియాలజీ మ్యూజియం మాత్రం తప్పకుండా చూడాలి, మిగతావి వీలునుబట్టి. కాంపానియా (నేపుల్స్ ఉన్న ప్రాంతం) ఆర్టేకార్డ్ అని మ్యూజియాల పాసు ఒకటి ఉందట. సైట్ చూస్తే నేపుల్స్ మూడు రోజులు, కాంపానియా మూడు రోజులు, కాంపానియా ఏడు రోజులు అని మూడు రకాలు కనిపిస్తున్నాయి, బుర్ర తిరిగిపోతోంది. ఆరుగురికీ కొనాలా? ఏది కొనాలి? వాడినవాళ్ళు కాస్త చెప్పండి.

నేపుల్స్_తమ్ముడు
అన్నా, నేను ఇక్కడే ఫెదెరీకో సెకొందో యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాను. ఇంటి నుంచి ఎవరు వచ్చినా మొదట అడిగేది ఇదే కాబట్టి నోటికొచ్చేసింది.

నేపుల్స్ మూడు రోజుల కార్డు 27 యూరోలు. అందులో మొదటి మూడు చోట్లకి ఎంట్రీ ఫ్రీ, ఆ తర్వాత సగం దాకా తగ్గింపు. సిటీ మెట్రో, బస్సు, కొండెక్కే ఫ్యునిక్యులర్ అన్నీ కలిపే. కానీ ఇందులో పాంపే లేదు! చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పాంపే కావాలంటే కాంపానియా అని పేరున్న కార్డే కొనాలి. మూడు రోజులది 41. మొదటి రెండు చోట్లు ఫ్రీ, మిగతావి తగ్గింపులో, పాంపే వెళ్ళే లోకల్ రైలు కూడా కలుస్తుంది. ఏడు రోజులది 43. ఐదు చోట్లు ఫ్రీ, కానీ రైలు, బస్సు ఏవీ ఉండవు. ఇవి ఈమధ్య మా బంధువులకి కొన్నప్పటి రేట్లు, కొనేముందు సైట్‌లో ఒకసారి చూసుకో.

పిల్లలకి మాత్రం కొనొద్దు. ప్రభుత్వ మ్యూజియాల్లో 18 ఏళ్ళలోపు వాళ్ళకి ఏ దేశం వాళ్ళైనా ఫ్రీయే. పాపకి 15 కాబట్టి వయసు చూపించడానికి పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకో.

మాధవి_మిలానో
తమ్ముడు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పెద్దవాళ్ళు కదా, సీనియర్ సిటిజన్ కన్సెషన్ ఉంటుందేమో అనుకోవద్దు. 65 దాటినవాళ్ళకి ఉచిత ప్రవేశం ఇక్కడ 2014లోనే తీసేశారు. మా నాన్నగారు ఆధార్ కార్డు బయటికి తీసి కౌంటర్‌లో అమ్మాయికి పుట్టినతేదీ చూపిస్తుంటే ఆపలేకపోయాం. ఆ అమ్మాయి నవ్వి, చదివి, పూర్తి టికెట్టే కొట్టింది.

18 నుంచి 25 వయసుకి రెండు యూరోల టికెట్ అని బోర్డు కనిపిస్తుంది. అది యూరోపియన్ యూనియన్ పౌరులకి. ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలు రెసిడెన్స్ పెర్మిట్ చూపించి గొడవపడుతుంటారు, లాభం ఉండదు.

లెక్కల_రావు
ఇంతమంది ఇన్ని చెప్పారు, అసలు లెక్క ఎవరూ వేయలేదు. నేను వేస్తాను.

పాంపే మామూలు టికెట్ నేను చూసినప్పుడు 18, ఆర్కియాలజీ మ్యూజియం ఇరవైకి అటూఇటూ. ఈ రెండే చూస్తే 38. కాంపానియా మూడు రోజుల కార్డు 41. లోకల్ రైలు పోనూరానూ ఏడు యూరోల లోపే. అంటే కార్డు కొన్నా కొనకపోయినా దాదాపు ఒక్కటే. రెండు చోట్లు చూసేవాళ్ళకి కార్డు అనవసరం. మూడోది కలిస్తేనే గిట్టుతుంది.

మీ అమ్మానాన్నలు మూడు రోజులూ మ్యూజియాలు తిరుగుతారా? 71 ఏళ్ళ ఆయన? నిజం చెప్పండి. వాళ్ళకి విడి టికెట్లు తీసుకోండి.

మీ ఇద్దరికీ మాత్రం నా ఓటు ఏడు రోజుల కార్డుకి. మూడు రోజులే ఉంటాం కదా అని దాన్ని పక్కన పెట్టకండి. రెండు యూరోలు ఎక్కువ పెడితే రెండుకి బదులు ఐదు చోట్లు ఫ్రీ. పాంపే 18, మ్యూజియం 20, పాంపేలాగే పూడిపోయిన ఎర్కొలానో 16, కొండ మీది పెయింటింగుల మ్యూజియం కపోదిమోంతే 15. నాలుగింటికే దాదాపు 70 అయింది. రైలు, మెట్రో టికెట్లు విడిగా కొన్నా మిగులే.

ఇసార్_గట్టు
రావుగారూ, భలే చెప్పారు. ఏడు రోజులది నేను అసలు చూడకుండానే వదిలేశాను. కానీ మూడు రోజుల్లో నాలుగు చోట్లంటే పరుగు కాదా? పైగా పిల్లలు.

పాదచారి
పరుగే. నాకు ఈ కార్డుల మీద ఉన్న కంప్లైంటే అది. చేతిలో కార్డు ఉంటే డబ్బు రాబట్టుకోవాలన్న యావ తప్ప బొమ్మ ముందు నిలబడే ఓపిక ఉండదు. కపోదిమోంతేలో ఒక దంపతుల్ని చూశాను, చిత్రకారుడు కరవాజ్జో గదిలోకి వచ్చి, క్రీస్తుని స్తంభానికి కట్టి కొడుతున్న ఆ పెద్ద పెయింటింగ్ ముందు ఫోన్ తీసి టైమ్ చూసుకుని వెళ్ళిపోయారు. కట్టేవాడి కాలు క్రీస్తు పిక్క మీద ఎలా నొక్కుకుని ఉందో, వంగి కూర్చున్నవాడు కొరడాకి కట్టెలు ఎలా కట్టుకుంటున్నాడో చూడటానికే పావుగంట పడుతుంది. దాని కోసమే కొండెక్కాలి. అక్కడే బ్రూగెల్ వేసిన గుడ్డివాళ్ళ వరుస కూడా ఉంది, 1568 నాటిది.

నా సలహా: కార్డు కొనుక్కోండి, కానీ రోజుకి ఒక్కటే పెద్దది.

నేపుల్స్_తమ్ముడు
రావుగారి లెక్కకి నాదో చిన్న సవరణ. మొదటి చోట్లు ఫ్రీ అంటే మనం ఎంచుకున్నవి కాదు, వెళ్ళిన వరుసలో మొదటివి. మూడు రోజుల కార్డు పట్టుకుని మొదట ఏ ఆరు యూరోల చిన్న మ్యూజియానికో వెళ్తే ఒక ఫ్రీ దానికి పోయినట్టే. తర్వాత చూసే రెండో పెద్దదానికి కనీసం సగం కట్టాలి. అందుకే ఖరీదైనవి ముందు. ఏడు రోజుల కార్డులో ఐదు ఉన్నాయి కాబట్టి ఆ టెన్షన్ అంతగా ఉండదు.

ఇంకోటి, కార్డు కొన్న రోజు నుంచి కాదు, మొదటిసారి వాడినప్పటి నుంచి మొదలవుతుంది. ట్రాన్స్‌పోర్ట్ ఉన్న కార్డు తీసుకుంటే రాత్రి దిగగానే హోటల్‌కి మెట్రో కోసం దాన్ని టచ్ చేయొద్దు. ఆ ఒక్క ప్రయాణానికి విడి టికెట్ కొనుక్కుని పొద్దున మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు సమస్య. మీరు వచ్చేది మంగళవారం. ఆర్కియాలజీ మ్యూజియానికి మంగళవారం సెలవు. కపోదిమోంతేకి బుధవారం సెలవు. సాన్ మార్తీనో మఠానికీ రాజభవనానికీ కూడా బుధవారమే. కసెర్తా ప్యాలెస్ మంగళవారం మూత. ఈ ఊళ్ళో కార్డు కంటే ముందు క్యాలెండర్ చూసుకోవాలి.

ఇసార్_గట్టు
అయ్యబాబోయ్. నేను మంగళవారం మ్యూజియం, బుధవారం పాంపే అని రాసుకున్నాను! హోటల్ కూడా మ్యూజియం పక్కనే బుక్ చేశాను, దిగగానే నడిచి వెళ్ళొచ్చని.

మాధవి_మిలానో
కంగారేం లేదు, తిప్పేయండి. మంగళవారం పాంపే, బుధవారం ఆర్కియాలజీ, గురువారం కపోదిమోంతే లేదా ఎర్కొలానో. పాంపే చూశాక మ్యూజియం చూడటమే నయం కూడా. పాంపేలో ఇళ్ళు, వీధులు ఉంటాయి, ఆ ఇళ్ళలో దొరికిన మంచి బొమ్మలు, మొజాయిక్‌లు, వంటసామాను ఎక్కువభాగం తెచ్చి పెట్టింది ఈ మ్యూజియంలోనే.

పాంపేకి టికెట్ల మీద పేరుండాలన్న నియమం 2024 నవంబరు నుంచి వచ్చింది. రోజుకి 20,000 మందినే లోపలికి వదులుతారు. మీ అమ్మానాన్నలకి విడి టికెట్లు కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేర్లతో కొనండి. కార్డు ఉన్న మీరిద్దరూ కూడా పాస్‌పోర్ట్‌లు మర్చిపోకండి. బ్యాగు 30×30×15 సెంటీమీటర్లు దాటితే లోపలికి రానివ్వరు, బయట డిపాజిట్ చేయాలి. మనవాళ్ళు పులిహోర డబ్బాలు, ఫ్లాస్కులతో కదిలే రకం కాబట్టి చెప్తున్నాను.

సుజాత_కూకట్‌పల్లి
మా అత్తగారిని తీసుకుని వెళ్ళాం కాబట్టి మోకాళ్ళ సంగతి నేను చెప్తాను. పాంపే రోడ్లన్నీ పెద్ద పెద్ద రాళ్ళు పరిచినవి, మధ్యలో బండి చక్రాల గాళ్ళు, ఎత్తు అరుగులు. మామూలు గేటు నుంచి వెళ్తే మొదట్లోనే ఎక్కుడు. మీరు పియాత్సా ఆంఫితెయాత్రో గేటుకి వెళ్ళండి. అక్కడి నుంచి వీల్‌చెయిర్ కూడా వెళ్ళేలా చదును చేసిన దారి ఉంది, మూడు కిలోమీటర్ల పైనే ఉంటుంది, ముఖ్యమైనవన్నీ దాని వెంటే వస్తాయి. అత్తగారు ఆ దారిలో కర్ర పట్టుకుని ఆగి ఆగి బాగానే తిరిగారు. రొట్టెల కొట్టులో తిరగలి రాళ్ళు చూసి ఆవిడ పొందిన ఆనందం అంతా ఇంతా కాదు. "ఇది మనూళ్ళో గానుగలా లేదూ, గాడిదని కట్టి తిప్పుంటారు" అన్నారు. గైడ్ చెప్పిందీ అదే!

నీడ ఉండదు. టోపీ, నీళ్ళ సీసా తప్పనిసరి. లోపల తాగునీటి కుళాయిలు ఉన్నాయి, సీసా నింపుకోవచ్చు.

అన్నట్టు, స్టేషన్ బయట ఒక ట్రావెల్ కౌంటర్‌లో "ఆల్ ఇన్ వన్ పాస్" అని మాకు అంటగట్టబోయారు. చదివి చూస్తే అది ఒక పూట బస్సు, ఆడియో గైడు తప్ప ఎంట్రీ లేదు. కార్డు కొంటే ఆర్టేకార్డ్ సొంత సైట్‌లోనో యాప్‌లోనో కొనండి, మధ్యవాళ్ళు వద్దు.

ఇసార్_గట్టు
సుజాత గారూ, చాలా థాంక్స్, ఆ గేటు సంగతి మాకు బంగారం. ఇంకో సందేహం. నాన్నకి వాట్సాప్‌లో ఎవరో పంపారట, పాంపే బూడిదలో మన లక్ష్మీదేవి విగ్రహం దొరికిందని. ఆయన నేపుల్స్ వస్తున్నదే దాని కోసం. అది నిజమేనా? ఆ మ్యూజియంలోనే ఉందా?

చరిత్ర_మాస్టారు
బాబూ, ఈ దారం మొదటి నుంచీ చదువుతున్నాను, ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టయింది.

విగ్రహం నిజం. 1938లో పురావస్తు శాస్త్రవేత్త అమెదెయో మైయూరి తవ్వకాల్లో, పాంపేలో వియా దెల్లబొందాంత్సా అనే పెద్ద వీధిలోని ఒక ఇంట్లో దొరికింది. దంతపు బొమ్మ, ఎత్తు పాతిక సెంటీమీటర్ల లోపు. వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది క్రీ.శ. 79లో కాబట్టి అంతకుముందే మన దేశం నుంచి అక్కడికి చేరింది. పీఠం అడుగున ఖరోష్ఠి అనే మన పాత లిపిలో అక్షరం ఒకటి ఉంది. ముక్కలుగా దొరికితే అతికించారు.

లక్ష్మీదేవి అన్నది మాత్రం మొదట్లో పెట్టిన పేరు. పద్మం, ఏనుగులు లాంటి గుర్తులేమీ లేవు. ఇద్దరు చిన్న పరిచారికలు చెరో పక్కన అలంకరణ భరిణెలు పట్టుకుని నిలబడి ఉంటారు. మధ్యలో ఆమె కాలు మీద కాలు అడ్డంగా వేసి, కుడిచేయి తల వెనక్కి వంచి, ఎడమచేత్తో చెవి కమ్మ పట్టుకుని ఉంటుంది. ముంజేతుల నిండా గాజులు, కాళ్ళకి దొంతర్లుగా కడియాలు. యక్షి అని ఇప్పుడు ఎక్కువమంది పండితుల మాట. నడినెత్తిన రంధ్రం ఉంది కాబట్టి ఏ అద్దానికో పిడిగానో, చిన్న బల్లకి కాలుగానో పనికొచ్చి ఉంటుంది.

మీ నాన్నగారికి ఇంకో మాట చెప్పండి, సంతోషిస్తారు. దీనికి దగ్గరి పోలికలున్న బొమ్మలు మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. రెండూ శాతవాహనుల కాలపు వర్తక పట్టణాలు. అమరావతి శిల్పాల్లో స్త్రీమూర్తుల నగల తీరు చూసిన కళ్ళకి ఈమె పరాయిగా అనిపించదు. ఇటు నుంచి దంతం, మిరియాలు, బట్టలు వెళ్తే, అటు నుంచి వచ్చిన రోమన్ నాణేలు మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో కుండెడు దొరికాయి.

నేపుల్స్_తమ్ముడు
మాస్టారూ, అంతా చెప్పి అసలుది దాచారు 😄

అన్నా, ఆ విగ్రహం పెట్టింది గబినెత్తో సెగ్రేతోలో. అంటే రహస్య గది. పాంపే, ఎర్కొలానోల్లో దొరికిన శృంగార బొమ్మలు, చిత్రాలు అన్నీ పోగేసి పెట్టిన గది అది. చాలాకాలం తాళం వేసి ఉంచి, 2000లో అందరికీ తెరిచారు. 14 ఏళ్ళలోపు పిల్లలు పెద్దలతోనే వెళ్ళాలి. లోపల... ఇక చెప్పక్కర్లేదు. మీ నాన్నగారు దేవిని చూద్దామని చెప్పులు విడిచి వెళ్ళేలా ఉంటే ముందే ఒక మాట వేసి ఉంచు.

ఇసార్_గట్టు
ఓరి దేవుడా. అమ్మ, నాన్న, పాప, బాబు అందరం కలిసి ఆ గదిలోకా!

సుజాత_కూకట్‌పల్లి
అంత బెంగపడకండి. కోణార్క్, ఖజురాహో పిల్లలతో వెళ్ళిరావడం లేదూ? బాబుని మీ ఆవిడతో కింద అంతస్తులో ఫర్నేసే హాల్లో ఉంచండి. అక్కడ హెర్క్యులిస్ మూడు మీటర్ల పైన ఉంటాడు, గదకి ఆనుకుని అలిసిపోయి నిలబడి ఉంటాడు. వెనక్కి వెళ్లి చూస్తే వీపు వెనకాల చేతిలో ఆపిల్ పళ్ళు దాచుకుని ఉంటాడు. మా అబ్బాయికి ఆ పళ్ళు కనిపెట్టడంతోనే పొద్దుపోయింది. ఎద్దు కొమ్ములకి ఒకామెని కట్టేస్తున్న పెద్ద శిల్పం కూడా అక్కడే ఉంది. రోమ్‌లో కారకాల్లా స్నానశాలలు చూసి వస్తారు కదా, ఈ రెండూ దొరికింది అక్కడే. ఈలోగా మీరు నాన్నగారితో పైకి వెళ్ళి రండి.

చరిత్ర_మాస్టారు
తమ్ముడూ, దాచలేదు, ఆ విషయం వయసులో చిన్నవాడివి నువ్వు చెబుతావులే అని ఊరుకున్నాను.

ఆ మ్యూజియంలో గదులు వంతులవారీగా మూసే అలవాటు ఉంది. వెళ్ళిన రోజు ఏవి తెరిచి ఉన్నాయో లోపలికి వెళ్ళగానే కౌంటర్‌లో అడగండి. మీ నాన్నగారి కోసం ముందు ఆ గదే చూసేయండి.

నేపుల్స్_తమ్ముడు
ఆ భవనం కట్టింది గుర్రపుశాల కోసం అట మాస్టారూ, తర్వాత 1777 దాకా మా యూనివర్సిటీ అందులోనే ఉండేది. ఇప్పుడు మాకు అందులో టికెట్ డిస్కౌంట్ కూడా లేదు.

పాదచారి
ముసుగు క్రీస్తు విగ్రహం గురించి ఎవరూ ఎత్తలేదు. సాన్‌సెవేరో చాపెల్, 1753లో జుసెప్పే సాన్‌మార్తీనో చెక్కింది. శవం మీద కప్పిన పల్చటి గుడ్డ, దాని కింద నుదుటి నరం కూడా కనబడుతుంది, మొత్తం ఒక్కటే పాలరాయి. అది ప్రైవేటు ఆస్తి, కార్డుతో ఫ్రీ కాదు, 18 లోపు ఫ్రీ అన్న రూలూ వర్తించదు. టైమ్ స్లాటు ముందే ఆన్‌లైన్‌లో పట్టుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే దొరకదు. ఫోటోలు నిషేధం. దానికీ మంగళవారమే సెలవు. ఈ ఊళ్ళో ఒక్కటే చూడమంటే నేను అదే చూస్తాను, కార్డు సంగతి ఎలా ఉన్నా.

లెక్కల_రావు
ఎవరైనా నెలలో మొదటి ఆదివారం వెళ్ళేవాళ్ళుంటే కార్డు మాటే ఎత్తకండి. ఆ రోజు ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం, పాంపేతో సహా. ఏప్రిల్ 25, జూన్ 2, నవంబరు 4 కూడా అంతే. ఆ రోజుల్లో కార్డు గీకితే ఉచితంగా వచ్చేదానికి మీ ఫ్రీ ఎంట్రీ ఖర్చుపెట్టుకున్నట్టు.

నేపుల్స్_తమ్ముడు
నిజమే గానీ రావుగారూ, మొదటి ఆదివారం పాంపే వెళ్ళి చూడండి, తిరుమలలో వైకుంఠ ఏకాదశి లైన్ గుర్తొస్తుంది. పెద్దవాళ్ళతో వద్దే వద్దు.

రైలు గురించి కూడా చెప్పేస్తాను అన్నా. గారిబాల్ది స్టేషన్ కింద నుంచి చీర్కుంవెజువియానా ఎక్కాలి, సొరెంతో వైపు వెళ్ళేది. దిగాల్సింది "పొంపేయి స్కావి, విల్లా దేయ్ మిస్తేరి" స్టేషన్‌లో. పొజ్జోమరీనో వైపు రైలు కూడా పొంపేయి అనే ఊరికే వెళ్తుంది, కానీ అది వేరే స్టేషన్, చర్చి దగ్గర దింపుతుంది. నిజానికి సుజాత అక్క చెప్పిన ఆంఫితెయాత్రో గేటుకి ఆ స్టేషనే దగ్గర! కాబట్టి మీరు మాత్రం దానిలోనే వెళ్ళినా తప్పులేదు, రైళ్ళు తక్కువ, టైమ్ చూసుకోండి. ఏసీ ఆశించొద్దు. పర్సు ముందు జేబులో, అమ్మ మెడలో గొలుసు హోటల్ లాకర్‌లో.

గోంగూర_రోమా
శాకాహారులైతే తిండి గురించి ఒక్క మాట. మార్గరీటా, మరినారా పీజాలు సేఫ్. నూనెలో వేయించిన పీజాలో చాలాచోట్ల పంది కొవ్వు ముక్కలు వేస్తారు, అడగండి. స్ఫొల్యతెల్ల అనే స్వీటు పొరల్లో కూడా పాతకాలం కొట్లలో పంది కొవ్వే వాడతారు. సెన్సా స్ట్రూత్తో (పంది కొవ్వు లేకుండానా)? అని అడిగితే చాలు.

మోడరేటర్
తిండి చర్చకి వేరే దారం ఉంది, అక్కడికి రండి. ఇక్కడ కార్డు, మ్యూజియాలు మాత్రమే.

ఇసార్_గట్టు
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇదిగో తేలింది. నాకూ మా ఆవిడకీ ఏడు రోజుల కార్డు. అమ్మానాన్నలకి పాంపే, ఆర్కియాలజీ విడి టికెట్లు, ఇవాళే పేర్లతో కొనేశాను. పిల్లలకి ఏమీ కొనలేదు. మంగళవారం పాంపే, ఆంఫితెయాత్రో గేటు. బుధవారం పొద్దున్నే మ్యూజియం, మధ్యాహ్నం సాన్‌సెవేరో, స్లాట్ దొరికింది, ఆరుగురికీ. గురువారం అమ్మావాళ్ళు పిల్లలతో హోటల్‌లో విశ్రాంతి, మేమిద్దరం కపోదిమోంతే. ఎర్కొలానో కూడా ఇరికించవచ్చా అని చూస్తున్నాను.

పాదచారి
ఇరికించొద్దు.

లెక్కల_రావు
మూడు చోట్లకే 53 అవుతుంది. కార్డు 43. ఇరికించకపోయినా పది మిగిలింది, కరవాజ్జో ముందు పావుగంట నిలబడండి.

ఇసార్_గట్టు
సరే, వదిలేశాను 🙂 ఒక్కటే ఆఖరి ప్రశ్న. కపోదిమోంతేకి మెట్రో లేదు కదా, మ్యూజియం పక్క హోటల్ నుంచి ఎలా?

నేపుల్స్_తమ్ముడు
మ్యూజియం దగ్గరే బస్సు స్టాపు ఉంది అన్నా, కొండ మీదికి వెళ్ళేవి అక్కడ ఆగుతాయి. ఏడు రోజుల కార్డు బస్సులో చెల్లదు, టికెట్ ముందే పొగాకు కొట్టులో కొనుక్కో. ఎక్కేముందు డ్రైవర్‌ని "కపోదిమోంతే?" అని అడుగు. తలెగరేసి నాలుకతో చప్పుడు చేస్తే కాదని అర్థం. తర్వాతది చూడు.